ధాన్యం గది గోడకు సున్నం

విజయనగరంలో నేనుండే ఇంటి యజమాని మొన్న ప్రహరీ గోడకు సున్నం వేయించాడు. తడిసున్నం వాసన మేడమెట్లెక్కి నా గదిలోకి వచ్చేసరికి కిటికీ మూసేశాను. నలుగురికీ ఆ వాసన పండగను గుర్తు చేస్తుంది. నాకు మాత్రం పెద్దమ్మ మొహం గుర్తొస్తుంది, నెత్తురు చుక్క లేని మొహం. జోకులేసి బతికేవాడికి జోకు దొరకని రోజు ఒకటైనా ఉంటుంది కదా, నాది ఆ వాసనలో ఉంది.

అప్పట్లో నాదొక విచిత్రమైన ఉద్యోగం. ఊళ్లలో బొమ్మలు గీసేవాళ్లనూ చెక్కేవాళ్లనూ, పట్నాల్లో ప్రదర్శనలు పెట్టే క్యూరేటర్లనూ ఒకచోట కూచోబెట్టడం. మైకు ఉండదు, శాలువా ఉండదు. వాళ్లు పనిచేసుకునే చోటే టీ తాగుతూ కబుర్లు. మా ఆఫీసులో ఆ చోటును స్టూడియో అనేవాళ్లు. నేను చూసిన స్టూడియోల్లో సగం వాటిలో గేదె కూడా ఉండేది. ఊరికే కబుర్లేనని ఎంత చెప్పినా అవతలివాళ్లకు అది పరీక్షలాగే వినిపించేది. వీణలు చెక్కే ఒకాయన పెళ్లినాటి చొక్కా తొడుక్కుని, బొత్తాలు తెగుతాయని కూచున్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు. ఇంకొకాయన మేం వస్తున్నామని తెలిసి షెడ్డుకు తాళం వేసి కొత్తవలసలో చెల్లెలింటికి వెళ్లిపోయాడు. వాళ్ల భయాలు చూసి నవ్వుకుంటూ జీతం తీసుకునేవాణ్ణి, మా ఇంటి గుమ్మంలోకి అదే భయం వచ్చేదాకా.

మా పెద్దమ్మది గరివిడి దాటాక లోపలికి ఉండే ఊరు. వరీ గోగూ పండించే ఇల్లు. ఆవిడ ధాన్యం గదిలో మట్టిగోడ మీద ఎర్రమన్నూ మసీ కలిపి బొమ్మలు వేసేది. అందం కోసం కాదు. తనను భయపెట్టిన ప్రతిదాన్నీ తెచ్చి అక్కడ పెట్టేది. చిన్నప్పుడు తరిమిన ఎద్దు, ఇంటి పెంకులు ఎత్తుకుపోయిన తుపాను, మా అమ్మ కాన్పు రోజున ఎంతకీ తెరుచుకోని ఆసుపత్రి తలుపు, అన్నీ ఆ గోడ మీదే ఉండేవి. నేను మోటారు సైకిలు కొన్నప్పుడు నన్నూ ఎక్కించింది, బండికి నాలుగు చక్రాలు వేసి మరీ. ఇదేం బండి పెద్దమ్మా అంటే, పడిపోకుండా అంది. ఎందుకిలా వేస్తావని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. "గోడకెట్టేస్తే అదక్కడే ఉంటాది బాబూ. మన యెనకాల తిరగదు."

ఈ సంగతి హైదరాబాదులో ఉండే ఒక క్యూరేటర్ మేడమ్‌కు చెప్పాను. ఆవిడ వెంటనే బయల్దేరతానంది. ఏమడుగుతుందో, ఏం చెప్పాలో అని పెద్దమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. పెదనాన్న మాత్రం హుషారుగా ఫోన్ చేసి, ఇంతకీ ఆవిడ చేసే పనేమిటన్నాడు. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో చూస్తారన్నాను. "ఆ పని మీ పెద్దమ్మ ఇక్కడ జీతం నేకుండా సేస్తన్నాది" అన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆయనకు గుండెపోటు వచ్చింది. విశాఖలో గుండె నాళంలో స్టెంటు గొట్టం వేసి పంపించారు. ఊళ్లో ఎవరడిగినా పంచరేశారని చెప్పేవాడు.

మేడమ్‌ను తీసుకుని నేను వెళ్లేసరికి ఇల్లంతా తడిసున్నం వాసన. పెదనాన్న మోచేతుల దాకా తెల్లగా ఎదురొచ్చి, చుట్టాలు వస్తున్నారు కదా నీటుగా ఉంటుందని తెల్లారగట్ల లేచి కొట్టేశానన్నాడు. ధాన్యం గదిలోకి తొంగి చూశాను. ఎద్దు లేదు, తుపాను లేదు, నా బండి లేదు. తెల్లటి గోడ. విమానం దిగి, కారెక్కి, గతుకుల రోడ్డులో నడుములు విరగ్గొట్టుకుని మేడమ్ చూడడానికి వచ్చింది దాన్ని. ముందు నా ఉద్యోగం గురించి భయపడ్డాను. ఆ తర్వాత పెద్దమ్మను చూశాక ఉద్యోగం చాలా చిన్న విషయమైపోయింది.

పెరట్లో ఆ గదికి వీపు పెట్టి కూచుని ఉంది. "అన్నీ బయటికొచ్చేసినాయి బాబూ" అంది, పక్కన ఎవరో వింటున్నట్టు మెల్లగా. ఏదో ఒకటి అని నవ్విద్దామని నోరు తెరిచాను. అదే క్షణంలో వీధిలో ఎవరిదో ఎద్దు రంకె వేసింది. నేను, మేడమ్, పెద్దమ్మ ముగ్గురం ఒకేసారి ఎగిరిపడ్డాం. ముగ్గురిలో ఎక్కువ ఎత్తు ఎగిరింది నేనే.

మేడమ్ తనకిచ్చిన టీ గ్లాసు పట్టుకునే కదిలింది. వెళ్లి గది గుమ్మంలో చతికిలబడి, ఏది ఎక్కడ ఉండేదో చూపించమని పెద్దమ్మను అడిగింది. పెద్దమ్మ లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం ఇవతల నుంచే వేలు చూపిస్తూ ఒక్కొక్కటీ చెప్పడం మొదలెట్టింది. ఇదిగో తుపాను, ఇదిగో తలుపు. చెప్తుంటే ఆ తెల్లగోడ మీద నాకూ కనబడి వీపు జలదరించింది. ఖాళీ గాదెను పక్కకు జరిపిన మూల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. చెయ్యి దింపేసుకుంది.

"సెప్పవేటి?" వెనక నుంచి పెదనాన్న గొంతు. "ఆ మూల నానున్నాను. పాడె మీద."

చుట్టాల కోసం ఊడుద్దామని గాదె జరిపితే కనబడిందట. నలుగురు మనుషులు, భుజాల మీద పాడె, దాని మీద అచ్చంగా ఆయన ముక్కుతో ఒక మనిషి. అదొక్కటే చెరిపితే భయపడ్డాడని తెలిసిపోతుందని గోడంతా కొట్టేశాడు.

"నా సావెందుకేసినావే?" ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"నిన్ను ఆస్పత్రి నుంచి తెచ్చినాక ఏసినాను. గోడకెట్టేస్తే నీ యెంట రాదని. గాదెనక దాసినాను. నువ్వు దాన్నిడిసిపెట్టేసినావు మావా."

పెదనాన్న చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. చొక్కా మీద అయిదు వేళ్ల సున్నం ముద్ర పడింది. మేడమ్ గ్లాసులో టీ చల్లారిపోయింది. చివరికి ఆయనే గడ్డంతో గోడ వైపు చూపించాడు. "ఆరిపోనీ. మల్లీ ఎయ్యి."

మధ్యాహ్నానికి గోడ ఆరింది. పెద్దమ్మ పెదనాన్న చెయ్యి పట్టుకుని గుమ్మం దాటి, ముందు ఆ మూలే మొదలుపెట్టింది. మొదటి గీత వంకరపోయింది. రెండోది నిలబడింది. పెదనాన్న తట్ట బోర్లించుకుని ఎదురుగా కూచుని ఊరుకోలేకపోయాడు. "మోసేవోల్లలో నీ తమ్ముణ్ణెట్టకు. ఆడు నన్ను దార్లో దించేసి టీకెల్లిపోతాడు."

పెద్దమ్మ తల తిప్పలేదు. "నోర్మూసుకో మావా. సచ్చినోడు మాటాడకూడదు."

మేడమ్ నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత ముక్కు తుడుచుకుంటే మొహానికి సున్నం అంటుకుంది, అది తెలియకుండానే హైదరాబాదు దాకా వెళ్లి ఉంటుంది. ఫోటో తియ్యనా అని అడిగితే పెద్దమ్మ వద్దంది, ఫోన్లోకి ఎక్కితే మళ్లీ తిరగడం మొదలెడుతుందట. మేడమ్ ఫోన్ సంచిలో పెట్టేసుకుంది. ఆ ఏడాది ప్రదర్శనలో మా పెద్దమ్మ లేదు. ఏం సాధించావని ఆఫీసులో అడిగితే, కబుర్లు బాగా జరిగాయన్నాను. అబద్ధం కాదు.

గాదెను మళ్లీ ఆ మూలకు జరపనివ్వలేదు పెదనాన్న. ఇంటికి ఎవరొచ్చినా పెళ్లిఫోటో చూపించినట్టు తీసుకెళ్లి చూపిస్తాడు. వానలు వెళ్లాక గోడ అక్కడక్కడా పెచ్చులూడుతుంది, పెద్దమ్మ సరిచేస్తుంది. సరిచేసినప్పుడల్లా ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి చూసి, బొమ్మలో ఆయన తల మీద ఇంకాస్త తెలుపు పెడుతుంది. కిందటేడు బుగ్గలు లోపలికి లాగింది. పాడె మీద పడుకున్న మనిషికి ఏటేటా వయసు పెరగడం నేను ఆ గోడ మీదే చూస్తున్నాను. కాలం అందర్నీ మోసుకుపోతుందంటారు. మా ఇంట్లో అది ఆయన్ని భుజానికెత్తుకుని, ఎందుకో ఇంకా గుమ్మం దాటకుండా నిలబడి ఉంది.