చౌడయ్య ఫోనులో అక్కలు

విజయనగర రాజుల కాలంలో తెలుగువాళ్ళు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తరువాత తిరుత్తణి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం ఒక్కటే ఉంది. చీరల కొట్టు చౌడయ్య తన మొట్టమొదటి సెల్‌ఫోనులో మొట్టమొదటి నంబరును "అక్క" అని దాచుకున్నాడు. రాతి మీద చెక్కించవలసిన ఈ సంగతిని చరిత్రకారులు ఎందుకో పట్టించుకోలేదు.

ఆ అక్క కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఉండే రుక్మిణమ్మ. చౌడయ్యకు రక్తసంబంధం కాదు. వాళ్ళది సేద్యం, వీళ్ళది మగ్గం. కానీ తనకంటే పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడమే తప్పయినప్పుడు, ఆ పేరు రాసి జేబులో వేసుకుని తిరగడం ఇంకెంత తప్పు అన్నది చౌడయ్య వాదం. రెండో నంబరు పళ్ళిపట్టు ఊరి ఆమెది. ఆమె కూడా అక్కే. ఆ తరువాత అన్నలు, అత్తలు, బావలు, మామలు వరుసగా చేరినారు. ఇరవై ఏండ్లలో ఫోన్లు మారినాయి గానీ ధర్మం మారలేదు.

ఇంతమంది అక్కల్లో ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుందని అడిగితే చౌడయ్య నొచ్చుకునేవాడు. బొటనవేలితో రెండుసార్లు గట్టిగా, ఒకసారి మెల్లగా తోస్తే ఆగేచోట పళ్ళిపట్టు అక్క. ఇంకొంచెం జారనిస్తే శోళవరం అక్క. ఇందులో తెలియకపోవడానికి ఏముంది?

ఏటా ఆడిమాసం రాగానే చౌడయ్య గల్లాపెట్టె ముందు కూర్చుని ఫోను తీసేవాడు. ఆ నెలలో వచ్చే ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండమీది సుబ్రహ్మణ్యస్వామికి కావడి ఎత్తేవాళ్ళకు పసుపు చీర, పసుపు పంచె కావాలి. "అక్కా, నీ చీర తీసిపెట్టినా, ఎప్పుడొస్తావు?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. కొట్టుకు ఏడాదిలో జరిగే వ్యాపారంలో సగం ఆ ఒక్క మాట మీదే నడిచేది.

ఈ ఏడు ఆ మాటే పోయింది. ముప్పై ఏండ్లు మగ్గాల చప్పుడులోనూ, తరువాత కొండకింది జనం రొదలోనూ అరిచి అరిచి గొంతులో కాయలు కాచినాయని తిరువళ్ళూరు డాక్టరు చెప్పినాడు. "పండగ అయ్యేదాకా నోరు తెరవకూడదు. గుసగుస కూడా వద్దు. తెరిస్తే ఇంక ఆపరేషనే."

చౌడయ్యకు కత్తి అంటే భయం. ఖాళీ కొట్టు అంటే అంతకంటే భయం.

కొడుకు గుణ ఉపాయం చెప్పినాడు. "మా ఆఫీసులో కస్టమర్ల పని అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది నాన్నా. ఫోనులో ఉండే నంబర్లు దాంట్లోకి ఎక్కిస్తే చాలు. పేరు పెట్టి ఒక్కొక్కరికీ అదే మెసేజి పంపిస్తుంది." ఇంత జ్ఞానం ప్రసాదించి అతను చెన్నై రైలెక్కినాడు. ఎక్కించే పని అతని భార్య దేవసేన మీద పడింది.

దేవసేన నంబర్లన్నీ ఎక్కించింది. ఒకే పేరు ఉన్నవాళ్ళను కలిపేయమంటారా అని సాఫ్ట్‌వేరు మర్యాదగా అడిగింది. నకిలీలు పోతే మంచిదే కదా అని ఆమె సరే నొక్కింది. కన్ను మూసి తెరిచేలోగా అక్కలందరూ ఒకే అక్క అయినారు. ఆ అక్కకు పేజీలకొద్దీ ఫోను నంబర్లు. అన్నదమ్ములు గోడలు కట్టుకుంటున్న ఈ రోజుల్లో ఇంతటి ఐకమత్యం చూసి సంతోషించవలసింది పోయి, దేవసేన తల పట్టుకుంది.

మళ్ళీ మొదటినుంచి ఎక్కించి, ఈసారి మామనే పక్కన కూర్చోబెట్టుకుంది. "ఈ అక్క ఎవరు మామా?"

చౌడయ్య క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చినాడు. ఆయన చదివింది తెలుగు బడి, కోడలు చదివింది అరవ బడి. "రు... రుక్..." అని దేవసేన కూడబలుక్కుంటూ ఉంటే, ఆ లెక్కన పండగ వచ్చి వెళ్ళిపోతుందని చౌడయ్య కాగితం లాక్కుని అభినయానికి దిగినాడు. ముక్కుకు రెండువైపులా వేళ్ళు పెట్టినాడు.

"జలుబా?"

కాదన్నట్టు తలాడించి, కూర్చుని ఆవు పాలు పితికినాడు.

"పాలమ్మా?"

లేచి ఒక కాలు ఈడ్చుకుంటూ కొట్టంతా ఒక చుట్టు తిరిగినాడు. చీర కొనడానికి వచ్చిన ఒకామె, ముసలాయనకు పక్షవాతం వచ్చిందనుకుని వచ్చినదారినే పోయింది.

"మామా, ముక్కుకు రెండు బేసర్లు, ఇంటికాడ ఆవు, కాలు నొప్పి, ఇవన్నీ ఉండే ఆడవాళ్ళు ఈ జిల్లాలో సగంమంది ఉంటారు. పేరు చెప్పండి, పేరు."

పేరు చెప్పగలిగితే ఈ కథే లేదన్నట్టు చౌడయ్య ఒక చూపు చూసినాడు.

చివరికి దేవసేనకే తట్టింది. డబ్బు పంపే యాప్‌లో నంబరు కొడితే బ్యాంకులో ఉండే పేరు పడుతుంది. ఆ సాయంత్రానికి అక్కలు, బావలు అందరూ సొంత పేర్లతో బారులు తీరినారు. రుక్మిణి. వెంకటపతి. మునెయ్య. వాళ్ళల్లో ఎక్కువమంది చదవగలిగేది అరవమే కనుక మెసేజి "అన్బుళ్ళ" అని మొదలు పెట్టి, అంటే ప్రియమైన అని, దాని పక్కన పేరు వచ్చేట్టు పెట్టింది.

అరవం రాయడం రాకపోయినా బస్సు బోర్డులు చదివిన అలవాటుతో చౌడయ్య తెర మీది పేరు కూడబలుక్కుని అదిరిపడినాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపినాడు. రుక్మిణి అన్నచోట వేలు పెట్టి, చెవులు పట్టుకుని, చెంపలు వేసుకుని, దండం పెట్టినాడు.

"ఓ, కడాకు దండం పెట్టమంటారా?" అని దేవసేన ప్రతి మెసేజి చివరా చేతులు జోడించిన బొమ్మ తగిలించి పంపేసింది.

చౌడయ్య బల్ల మీద కూలబడినాడు.

రెండు రోజులు కొట్టుకు ఈగ కూడా రాలేదు. మూడోరోజు రుక్మిణమ్మ బస్సు దిగి, కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కూర్చోలేదు.

"ఏమయ్యా చౌడయ్యా." ఎప్పుడూ తమ్ముడా అనే మనిషి. "మా ఇంటాయన కూడా ఇంతవరకూ నన్ను ఆ పేరు పెట్టి పిలవలా. నువ్వు పిలిచినావు. కోడలు చదివితే వీధంతా విన్నారు."

చౌడయ్య చేతులు జోడించినాడు.

"దండం బొమ్మ ఫోనులోనే చూసినా. నోటితో చెప్పు."

దేవసేన అడ్డం వచ్చింది. "అత్తా, మామకు గొంతులో కాయలు. నోరు తెరిస్తే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. ఆ పేరు పెట్టింది నేనే."

"గొంతు పోతే మర్యాద కూడా పోతుందా?"

"అది కాదత్తా. పేరు అని ఒక గడి ఉంది. దాంట్లో పేరే వేయాల."

"ఎవురన్నారు?"

దేవసేన ఆలోచించింది. నిజానికి ఎవరూ అనలేదు.

"అందరికీ ఇట్లానే పోయిందా?" అని రుక్మిణమ్మ అడిగింది.

"అందరికీ అత్తా."

"అయితే ఎవురూ రారు. పళ్ళిపట్టామె నాకు ఫోన్ చేసింది. తమ్ముడు కొట్టు యాడన్నా బ్యాంకోళ్ళకు అమ్మేసినాడా, వాళ్ళ మాదిరే రాస్తా ఉండాడు అని."

చౌడయ్య పెదవులు విడివడినాయి. మొదటి అక్షరం గొంతు దాకా వచ్చింది.

"మామా," అంది దేవసేన.

చౌడయ్య నోరు మూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. రుక్మిణమ్మ అది చూసి బల్ల మీద కూర్చుంది.

"సరే, ఏడవబాక. నా చీర తీసిపెట్టినావా లేదా?"

ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే అల్మారాలో చెయ్యి పెట్టి ఆమె చీర తీసినాడు. అది పోయిన నెలనుంచే అక్కడ ఉంది.

ఆ మధ్యాహ్నం దేవసేన ఒక్కొక్క పేరూ కొట్టేసి, ఎవరి వరుస వాళ్ళకు మళ్ళీ వేసింది. ఏ వరుసో అనుమానం వచ్చినచోట చౌడయ్య వేళ్ళతో చూపించినాడు. పెద్దయితే పైకి, చిన్నయితే కిందికి. ఒకే పేరు ఉన్నవాళ్ళను కలిపేయమంటారా అని సాఫ్ట్‌వేరు మళ్ళీ అడిగింది. ఈసారి వద్దు నొక్కింది. మెసేజి మళ్ళీ పోయింది.

మరుసటి రోజు పళ్ళిపట్టామె వచ్చింది. ఆ తరువాత మిగతావాళ్ళు వచ్చినారు. పసుపు చీరలు పండగ ముందురోజుకు అయిపోయినాయి. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, కాయలు కరిగినాయి, కత్తి అక్కరలేదన్నాడు.

ఆ ఆదివారం గుణ, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని సాఫ్ట్‌వేరు తెరిచినాడు. కస్టమర్లందరూ అకారాది క్రమంలో ఉన్నారు. మొదటి పేరు అక్క. దాని కింద అక్క.