నాగమ్మక్క నేర్పిన భయం

నిన్న సాయంత్రం చెట్టికరైలో మా మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే, పక్కింటి కొబ్బరిచెట్టు మీది కోతి ఒకటి గొంతు గీరుకుపోయేలా ఖర్రుమని అరిచింది. కింద వీధికుక్క పోతోంది, అంతే. అయినా చేతిలోని బట్టలు కింద పడేసి కుక్క వెనకా ముందూ వెతికి చూశాను. ఆ అరుపు విన్నప్పుడు ముందు కోతిని కాదు, అది ఎటు చూస్తోందో చూడాలని నాకు నేర్పింది నాగమ్మక్క.

ఆమె హరూరు అవతలి కొండల్లో మేకలు కాసుకునే మనిషి. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోతుల మీద పరిశోధనకని నేను అక్కడికి వెళ్ళేనాటికి ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నేను ధర్మపురిలో బట్టలకొట్టు వాళ్ళ అమ్మాయిని, ఆకు కదిలితే జడిసేదాన్ని. ఆ సంగతి మా ప్రొఫెసరుకు తెలియకుండా దాచడానికే నా శక్తి సగం పోయేది. నేను తేల్చవలసిన ప్రశ్న మాత్రం చిన్నదే. ఒక గుంపులో నలభై కోతులుంటే, మరో గుంపులో పదే ఎందుకుంటాయి?

ఒకరోజు ఆమెనే అడిగాను. చేతికర్ర మీద గడ్డం ఆనించి, మేస్తున్న మంద వైపు చూపించింది.

"నా మేకల్ని చూడు పాపా. మేత ఉంటే అన్నీ ఒకే తావులో ఉంటాయి. మేత తగ్గినాక కుమ్ముకొని చెదిరిపోతాయి. చిరుత వాసన తగిలితే మళ్ళా ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీ కోతుల కూట్టం వేరేనా?"

ఘాట్ రోడ్డు పక్కన నలభైకి పైగా ఉన్న పెద్ద గుంపు బస్సుల్లోంచి జనం విసిరే అరటిపళ్ళతో, బొరుగులతో బతికేది. ఆ వేసవిలో అటవీశాఖ వాళ్ళు అక్కడ బండ్లు ఆపకూడదన్నారు. తిండి తగ్గేసరికి కొట్లాటలు పెరిగాయి. ఒక ఉదయం, చెవి చిరిగిన ఆడకోతితో కలిపి పదకొండు కోతులు విడిపోయి లోయలోకి దిగిపోయాయి. గుంపు నా కళ్ళముందే చీలినందుకు పొంగిపోయాను. ఆ సంబరం ఎన్నో రోజులు నిలవలేదు. పదకొండు పది అయింది, పది తొమ్మిది అయింది. నలభై ఉన్నప్పుడు ఏదో ఒకటి తలెత్తి చూస్తూనే ఉండేది. ఇప్పుడు ఆకలికి అన్నీ ఒకేసారి తలలు దించేవి.

"నువ్వు రాసుకుంటా ఉండావు, చిరుత తింటా ఉండాది," అంది నాగమ్మక్క. "ఆ లోయలోకి ఒంటిగా పోవద్దు. నన్ను పిలువు."

పిలవలేదు. వారంలో ప్రొఫెసరు వస్తారు. ఒక తోడు లేనిదే అడవిలోకి దిగలేనిదాన్నని ఆయనకు తెలియడం నాకు చావులా అనిపించింది. తెల్లవారగానే ఒక్కదాన్నే దిగాను. కోతులు మద్దిచెట్టు మీద ఉన్నాయి. నోటుబుక్కు తెరిచానో లేదో చెవి చిరిగిన కోతి అరిచింది. తక్కినవీ అందుకున్నాయి. అవి చూస్తున్నది నా వైపే అనుకున్నాను. కాదు, నా వెనక ఉన్న పొద వైపు. తల తిప్పలేకపోయాను. పొదలో ఎండుటాకు ఒకటి మెల్లగా నలిగింది.

"పరిగెత్తొద్దు." నాగమ్మక్క గొంతు. రాళ్ళ మీదుగా దిగి వచ్చి నా పక్కన నిలబడి, భుజానికి భుజం ఆనించింది. "వంగొద్దు. గట్టిగా మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

"ఏమన్నా చెప్పు. నీ కోతుల పేర్లు చెప్పు."

నేను పెట్టుకున్న పేర్లన్నీ అరుస్తూ చెప్పాను. చనిపోయిన రెండింటివీ చెప్పాను. ఆమె కర్రతో రాయిని కొడుతూ, నన్ను ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించింది. పొద కదిలింది. గడ్డి మీదుగా పసుపూ నలుపూ కలిసిన వీపు ఒక్క క్షణం కనిపించి, వాగు వైపు జారిపోయింది. అప్పుడు తెలిసింది, నా భుజానికి తగులుతున్న ఆమె భుజం గడగడా వణుకుతోందని.

రోడ్డు మీదికి వచ్చాక, "నీకు భయం లేదనుకున్నాను అక్కా," అన్నాను.

"ఎవరు చెప్పినారు? ముప్పై ఏండ్లుగా దినమూ భయమే. అందుకే ఒంటిగా పోను. నీకు భయమని ముందే చెప్పి ఉంటే నేనే నీ వెంట వచ్చేదాన్ని గదా."

నేను ఒంటరిగా పోవడం చూసి మేకల్ని వదిలేసి వచ్చిందామె. మధ్యాహ్నం దాకా ఇద్దరం వాటిని వెతికి ఒకచోట చేర్చాం. చూలిమేక ఒకటి దొరకలేదు. దాని పేరు పెట్టి పిలిచి పిలిచి ఆమె గొంతు బొంగురుపోయింది. తర్వాత ఏనాడూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

వానలు పడే ముందు, ఇంకో రెండు పోగా లోయలో మిగిలిన ఏడు కోతులూ పెద్ద గుంపులోకి తిరిగి వచ్చాయి. నాలుగు రోజులు కరిపించుకున్నాయి, అంచున కూర్చుని మిగిలింది తిన్నాయి. అయినా వెళ్ళలేదు. నా పరిశోధనలో ఆ సంగతి రాశాను. నాగమ్మక్క గురించి రాయడానికి అందులో చోటు లేకపోయింది. పోయిన ఏడాది ఆమె జ్వరంతో పోయిందని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నేను విద్యార్థులను అడవికి తీసుకెళ్తుంటాను. జీపు దిగగానే, ఇంకేమీ చెప్పకముందే, నాకు భయమని వాళ్ళతో చెబుతాను. ఇన్నేళ్ళయినా ఆ మాట అంటుంటే గొంతు వణుకుతుంది. వణకనిస్తాను.