కాశీలో వదిలిన పండు

మొన్న ఆదివారం మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న ఏసీ హాల్లో అడుగు పెట్టగానే మామిడిపండు వాసన గుప్పుమంది. మాఘమాసంలో మామిడిపండేమిటా అని చూస్తే, మూలన బల్ల మీద చిన్న యంత్రమొకటి పొగలు కక్కుతోంది. ఆ వాసన నూనె సీసాలు పక్కనే అమ్మకానికి పెట్టారు. వాటి పక్కన రాగి చెంబులు, దర్భాసనాలు, ‘తక్కువతో బతుకు’ అని అచ్చువేసిన రకరకాల రంగుల చొక్కాలు. నిరాడంబరంగా బతకడం నేర్పే శిబిరమట అది, పైన పటారం లోన లొటారం. ఇంటికి రోజుకో పార్సిల్ తెప్పించుకుని, విప్పని పెట్టెల మీదే కొత్తవి పేర్చుకునే నా బతుకు మీద నాకే రోత పుట్టి, ఈ ఫోన్లో కొనడమనే జబ్బు వదిలించుకుందామని వెళ్ళాను. ఆ వాసన నూనె బల్లకి మాత్రం దూరంగా పోయి కూర్చున్నాను. నిజమైన మామిడిపళ్ళ వాసన మీద పడుకుని నిద్రపోయిన మనిషి నాకు తెలుసు.

ఆవిడ మా నాయనమ్మ. ఎర్రమంజిల్ క్వార్టర్సులో మాది రెండు గదుల ఇల్లు. వేసవి వచ్చిందంటే నూజివీడు వైపు నుంచి చుట్టాలెవరో ఒకరు చిన్న రసాల గంప బస్సు మీద వేసుకొచ్చేవారు. ఎండుగడ్డి పరిచి వాటిని మాగవేయడానికి నాయనమ్మ మంచం కింద తప్ప ఇంట్లో చోటుండేది కాదు. రెండు మూడు రోజులకి ఆ గదంతా తియ్యటి, మత్తు వాసన; తలుపు తీస్తే ఈగలు, మంచం కింద దూరి ఏది మెత్తబడిందో ఒత్తి చూసే పిల్లలం, మోచేతుల దాకా కారే రసం, తెల్లబడేదాకా చీకిన టెంకలు. ఆ మంచం మీద పడుకునే మనిషి మాత్రం పండు తినేది కాదు.

కాశీ వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి, ఇష్టమైన కాయో పండో ఒకటి వదిలేసి రావడం మావాళ్ళ ఆచారం. తాతయ్య కాకరకాయ వదిలారు; బుద్ధెరిగాక ఆయన దాన్ని ముట్టిన పాపాన పోలేదు. వాళ్ళతోపాటు వెళ్ళిన ఎదురింటి గుమాస్తాగారు అంజూరపండు వదిలారు. అదెలా ఉంటుందో కూడా ఆయనకి తెలియదు. నాయనమ్మ మామిడిపండు వదిలింది, అందులోనూ రసాలంటే ప్రాణం పెట్టే మనిషి.

వదిలిందని పని ఆగేది కాదు. మిగిలిపోయిన పళ్ళన్నీ పిండి, బెల్లం కలిపి, డాబా మీద చాప పరిచి, పొర మీద పొర పూసి తాండ్ర ఎండబెట్టేది. అందరూ వేళ్ళు నాకేసుకునేచోట ఆవిడ పక్కన చెంబు పెట్టుకుని చెయ్యి కడుక్కునేది. ఒకసారి నాతో ఏదో మాట్లాడుతూ, మణికట్టు మీదికి కారిన రసాన్ని చటుక్కున నాకేసింది. మరుక్షణం గోడ దగ్గరికి పోయి ఉమ్మేసి, పుక్కిలించి, ఆ పూట అన్నం మానేసింది.

డాబా మీద మిరపకాయలు ఎండబోసుకుంటున్న పక్క క్వార్టరు లక్ష్మమ్మ నవ్వింది. “తెల్వక నాకినవ్ పెద్దమ్మా, గంత ఫికర్ ఎందుకు? గంగమ్మ గిక్కడిదాంక వచ్చి సూస్తదా?”

“ఆవిడకేం పని లేదా లక్ష్మమ్మా? నా నాలుకకి తెలిసిందిగా,” అంది నాయనమ్మ.

“నీకింకా ఇష్టమేనా?” అనడిగాను. ఆవిడ చాప మీంచి తల ఎత్తలేదు. “ఇష్టం లేకపోతే దాన్ని వదలడం అనరురా, పారేయడం అంటారు.”

శిబిరంలో గురువుగారు, ఇస్త్రీ నలగని నార బట్టల్లో, మైకు ఇచ్చి ఒక్కొక్కరినీ ఏదో ఒకటి వదలమన్నారు. ఒకావిడ నాన్‌స్టిక్ పెనం వదిలింది; అక్కడ అమ్మే ఇనప పెనం అప్పటికే ఒళ్ళో ఉంది. నా పక్కన ఎస్.ఆర్. నగర్ నుంచి వచ్చినాయన టీవీ వదిలాడు. చప్పట్ల మధ్య నా చెవిలో, “ఖరాబై మస్తు దినాలైంది అన్నా, అంతా ఫోన్లనే సూస్తున్న,” అన్నాడు. మర్యాదకి నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది.

మైకు నా చేతికొచ్చింది. చెప్పాల్సింది నాకు తెలుసు, అందుకే వచ్చాను. సరిగ్గా అప్పుడే పార్సిల్ బయల్దేరిందని జేబులో ఫోన్ మూలిగింది. తినే విషయంలో నాది అచ్చం తాతయ్య పోలిక.

“కాకరకాయ,” అన్నాను.

చప్పట్లు కొట్టారు. గురువుగారు మామిడి నూనె సీసా చేతిలో పెట్టి ప్రసాదమన్నారు. గుమాస్తాగారి అంజూరపండుని చూసి ఇన్నేళ్ళు నవ్వుకున్నవాణ్ణి, సీసా పట్టుకుని బుద్ధిగా మెట్లు దిగాను.

ఎర్రమంజిల్లో మా క్వార్టరు కూల్చేసి చాలా కాలమైంది. మామిడికి ఇప్పుడు వేసవితో పని లేదు, రసం ఏడాది పొడుగునా సీసాల్లో దొరుకుతుంది. పక్కన చెంబు పెట్టుకుని చెయ్యి కడుక్కునే మనిషే లేదు. నా మంచం కిందా ఖాళీ లేదు, అన్నీ విప్పని అట్టపెట్టెలు. వేటిలో ఏముందో నాకే గుర్తు లేదు. వాటికి ఏ వాసనా ఉండదు. ఆ రాత్రి వచ్చిన కొత్త పార్సిల్‌ని కాలితో వాటి మధ్యకి తోసేసి, పడుకుని, ఫోన్ తెరిచాను.