అక్క మాట ఎవరి పేరున పడింది

ఆ మహాసభ హాల్లో మైకులు వేసి తీసే ఉద్యోగంలో చేరేనాటికి అతనికి నెత్తి మీద జుట్టుండేది. ఉపన్యాసాలు విని విని రాలిపోయిందంటాడు. "మీ నాన్నకీ లేదుగా" అంటుంది భార్య.

దేశదేశాల ప్రభుత్వాలు కూడి ఓట్లు వేసి నిర్ణయాలు చేసే హాలది. అక్కడ మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ముందు వరుసల్లో ప్రభుత్వ ప్రతినిధులు. గడువు దాటితే వాళ్ల బల్ల మీద ఎర్ర దీపం వెలుగుతుంది, అంతే. ఆ దీపం వెలుతురులోనే మిగతా కాగితాలన్నీ చదివేసేవాళ్లున్నారు. ఒకాయన ప్రసంగం ఎత్తుకున్నప్పుడు గోడవతల పునాది తవ్వుతున్న మేడకి, ఆయన కూర్చునేసరికి సున్నం కూడా కొట్టేశారని క్యాంటీన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెనక వరుసల్లో ప్రజాసంఘాల వాళ్లు. వాళ్లకి రెండు నిమిషాలు. దాటితే మైకు కట్. ఆ కట్ చేసే చెయ్యి ఇతనిది. అందుకే సంఘాల వాళ్లు అతనికి 'కత్తెర' అని పేరు పెట్టారు.

మొదట్లో ఆ పేరు వింటే నవ్వేవాడు. రానురాను నవ్వే ఓపిక కూడా పోయింది. నదుల గురించీ, జైళ్ల గురించీ, గనుల గురించీ ఎంతమంది మాటలో అతని వేలి కింద సగానికి తెగిపోయాయి. ఇంటికెళ్లి నడుం వాల్చితే ఆ మిగతా సగాలు చెవుల్లో ఈగల్లా ముసిరేవి.

ఆ ఏడు వెనక వరుసలో మాట్లాడేవాళ్లలో అతని అక్క కూడా ఉంది.

అక్క చెత్త ఏరేవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. ఊరి చివరి డంపింగ్ యార్డు మూసేసి చెత్త కాల్చే ఫ్యాక్టరీ కట్టడానికి ఆ మహాసభ నిధులివ్వబోతోంది. అక్కకి కావలసింది ఒక్కటే. యార్డు మూసే ముందు మమ్మల్ని అడగాలి, కొత్తదాంట్లో మా వాళ్లకే పనివ్వాలి అన్న మాట సభ రికార్డులో పడాలి. మైకులోంచి వచ్చిందే రికార్డు. ఏ కుర్చీ మైకులోంచి వస్తే ఆ కుర్చీవాళ్ల పేరున రాస్తారు. ఆ మాట పడితే మునిసిపాలిటీ వాళ్ల ముందు నిలబడి చూపించుకోవచ్చు. పడకపోతే ఓ పొద్దున యార్డు గేటుకి తాళం కనబడుతుంది.

ముందురోజు వంటింట్లో గిన్నెలు తోముతూ తమ్ముడికి అప్పజెప్పింది. "గాజు ఏరేవాళ్ల తరఫున, ఇనుము ఏరేవాళ్ల తరఫున, అట్టలు ఏరేవాళ్ల తరఫున..."

"అక్కా, అసలు మాట ముందు చెప్పెయ్. ఈ తరఫులన్నీ తర్వాత."

"కుదరదురా. అందరి పేర్లూ ముందు రావాలని చేతులెత్తి తీర్మానం చేశారు. నేను అధ్యక్షురాలిని, మహారాణిని కాదు."

"మరి టైమైపోతే?"

"మైకు దగ్గర నా తమ్ముడుండగా నాకేం భయం?"

"అక్కడ నేను నీ తమ్ముణ్ణి కాదక్కా. వెనకాలే సూపర్‌వైజర్ నిలబడి ఉంటాడు. నిన్ను వదిలానంటే మర్నాటి నుంచి నేనూ నీ యార్డుకే రావాలి."

"రా, ఆ గుండు భలే మెరుస్తోంది. ఇత్తడి రేటుకి పోతుంది."

మర్నాడు అక్క తరఫులన్నీ గడగడా చదివింది. పాత బట్టలవాళ్ల దాకా వచ్చి, "వీళ్లందరి తరఫునా కోరేదేంటంటే, యార్డు మూసే ముందు" అంది. ఎర్ర దీపం వెలిగింది. కత్తెర మెడ మీద సూపర్‌వైజర్ ఊపిరి వెచ్చగా తగిలింది. కట్ చేశాడు. అద్దాల గదిలోంచి చూస్తే అక్క పెదాలు ఇంకా కదులుతున్నాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. తలెత్తి అతని వైపు చూసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

తర్వాతి వంతు వీళ్ల సొంత దేశపు ప్రభుత్వ ప్రతినిధిది. ప్రభుత్వాల మైకు ఎలాగూ కట్ చేసేది లేదు కాబట్టి సూపర్‌వైజర్ టీకి వెళ్లాడు. ప్రతినిధి చదివి, చదివి, కాగితాలు సర్దుకుని, ఫోన్ మోగితే బయటికి నడిచాడు. అలా వదిలేసిపోయిన మైకు ఆపడం కత్తెరకి రెప్ప వెయ్యడమంత అలవాటు. కానీ ప్రభుత్వాల వరుసల్లో ఆఖరిదైన ఆ కుర్చీకి సరిగ్గా వెనకే అక్క, పక్కనున్నామెతో మొరపెట్టుకుంటోంది. లారీల రొదలో అరిచి అరిచి పదునెక్కిన గొంతు. గుసగుసగా మాట్లాడినా వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. కత్తెర చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఇన్నేళ్ల బడలికంతా ఆ వేలిలోకే దిగినట్టయింది. వేలు కదల్లేదు, మైకు తెరిచే ఉంది.

"యార్డు మూసే ముందు మమ్మల్ని అడగాలమ్మా! కొత్త ఫ్యాక్టరీలో మా వాళ్లకే పనివ్వాలి. అడక్కుండా తాళం వేస్తే గేటుకడ్డంగా పడుకుంటాం!"

అనువాదకులు అప్పటికే అలిసి కళ్లు మూసుకుని ఉన్నారు. చెవిలో పడినదాన్ని పడినట్టు తమ తమ భాషల్లోకి దించేశారు. కునికిపాట్లలో ఉన్న సభాధ్యక్షుడు ఉలిక్కిపడి, ప్రభుత్వ ప్రతినిధి స్పష్టంగా మాట్లాడినందుకు ధన్యవాదాలు చెప్పాడు.

తప్పులుంటే దిద్దుకోమని రికార్డు నకలు ప్రతినిధి ఆఫీసుకి పంపారు. అక్కడ అలాంటివి విప్పి చదివిన మనిషి పుట్టలేదు. అలాగే అచ్చయింది.

అది పట్టుకుని తమ్ముడు అక్క గుమ్మం ఎక్కాడు. ఆమె చదివి ముఖం చిట్లించింది. "ఇది నేనన్న మాట కదరా! ఆయన పేరు కింద ఉందేంటి?"

"నీ పేరు కింద తరఫులున్నాయి చూడు. ఒక్కటీ పోలేదు."

"మరి గేటుకడ్డంగా పడుకుంటామన్నది?"

"ప్రభుత్వమే పడుకుంటుందట."

అక్క నవ్వబోయి, మధ్యలోనే నీరసంగా ఆపేసింది. "మళ్లీ ఏడాది వస్తే నా మైకు కట్ చేస్తావా?"

"చేస్తానక్కా."

"సరే, కూర్చో. కాళ్లు పీకుతున్నట్టున్నాయి నీకు."

పై ప్రభుత్వమే అన్న మాటని మునిసిపాలిటీ కాదనలేకపోయింది. అడగడానికి మీటింగు పెట్టింది. గాజువాళ్లు మాట్లాడారు, ఇనుమువాళ్లు మాట్లాడారు, అట్టలవాళ్లింకా మాట్లాడుతున్నారు. ఆ మీటింగు తెమిలే దాకా గేటుకి తాళం పడదు. కొత్త పని సంగతి ఎవరూ తేల్చలేదు, యార్డు పొగా తగ్గలేదు. సెలవురోజున తమ్ముడు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంటాడు. అక్కడ మైకు లేదు. ఎవరి మాటా సగంలో తెగదు. వింటూ వింటూ అలాగే గోడకి జారబడి నిద్రపోతాడు. ఎవరూ లేపరు.