నవ్వులో కూడా ఫెయిలయ్యాను

ఆ రోజుల్లో, కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఎవరైనా ఊరికే కూర్చుని కనిపిస్తే, వీడికి ఉద్యోగమన్నా వచ్చి ఉండాలి, మతి అన్నా పోయి ఉండాలి అనుకునేవాళ్లం. ఛాయ్ బండి దగ్గర కూడా ఒకడు ఛాయ్ ఊదుకుంటూ పక్కవాణ్ణి నదులు ఎక్కడ పుట్టాయని అడిగేవాడు. నేను గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న కాలమది. అంతకు ముందుసారి హాల్లో ప్రశ్నపత్రం చూడగానే బుర్ర తుడిచిన పలకైపోయి, సగం పేపరు ఖాళీగా ఇచ్చి ఏడుస్తూ బయటికొచ్చాను. "ఈసారి కాకుంటే ఇంటికొచ్చెయ్ బిడ్డా, ఇగ చాలు" అన్నారు నాన్న. ఆయన ప్రేమగానే అన్నారు, నాకు మాత్రం శిక్ష చదివినట్టు వినిపించింది. నిద్ర పోయింది, ఆకలి పోయింది, చదివింది చదివినట్టే పోయింది.

సరిగ్గా అప్పుడే మా పాలిటీ సారు క్లాసులో "టెన్షన్ తగ్గించుకున్నోళ్లకే ర్యాంకు" అన్నారు. అంతే! వేరే ఊళ్లో అయితే ఆ మాట విని నలుగురూ హాయిగా పడుకునేవారేమో. అశోక్‌నగర్ వాళ్లం కదా, దాన్ని ఇంకో సబ్జెక్టు కింద తీసుకున్నాం. హాస్టల్లో పోటీలు పడి ప్రశాంతంగా ఉండటం మొదలైంది. ఒకామె ధ్యానంలో కూర్చుంటే, ఇంకొకామె "అమ్మో, అది అప్పుడే షురూ చేసింది" అని కంగారుగా కళ్లు మూసుకునేది. నేనేమైనా తక్కువ తిన్నానా? ఊపిరి పీల్చేటప్పుడు ప్రాథమిక హక్కులు, వదిలేటప్పుడు ఆదేశిక సూత్రాలు వల్లెవేసేదాన్ని. నడకకు పోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాటిలో ఆర్థికశాస్త్రం పాఠం. మా గదిలోనే ఉండే పాలమూరు పిల్ల ఇదంతా చూసి, "అక్కా, నువ్వు గాలి పీలుస్తలేవు, సిలబస్ పీలుస్తున్నవ్" అంది. (కుళ్లుకుంటోంది అనుకున్నాను.)

ఇక మిగిలింది నవ్వు. దగ్గర్లోని పార్కులో పొద్దున్నే పెద్దవాళ్లు వరసల్లో నిలబడి నవ్వేవారు. నవ్వించేది రిటైరైన డ్రిల్లు సారు. ఉద్యోగమంతా పిల్లలు నవ్వకుండా కాపలా కాసిన మనిషి కాబట్టి, నవ్వును కూడా కవాతు లాగే చేయించేవారు. "చేతులు మీదికి! నవ్వు! ఎన్క లైనోళ్లది ఇనొస్తలేదు!" నేను ముందు వరసలో నిలబడి (ఫస్టు బెంచీ బుద్ధి ఎక్కడికి పోతుంది?) గొంతు చించుకుని హహ్హహ్హ అన్నాను. అంతా అయ్యాక ఆయన దగ్గరికెళ్లి, "సార్, నా నవ్వు ఎట్లుంది? ఎన్ని మార్కులేస్తరు?" అని అడిగాను.

"నీది నవ్వా బిడ్డా? దగ్గు. పాస్ మార్కులు కూడ రావు" అన్నారాయన మీసం చాటున నవ్వుకుంటూ.

గడ్డిలో కూలబడి భోరుమన్నాను. "దీంట్ల కూడ ఫెయిలేనా సార్!"

పార్కులో నవ్వులన్నీ ఆగిపోయాయి. డ్రిల్లు సారు పరేషానైపోయి, "అరే, మజాక్ చేసిన తల్లీ! పాస్ చేస్తా, ఫస్టు క్లాసు వేస్తా!" అని చేతులు ఊపుతున్నారు. ఆయన కంగారు చూస్తుంటే, నేనన్న మాట మెల్లగా నా బుర్రకే ఎక్కింది. నవ్వులో ఫెయిలయ్యానని ఏడుస్తున్నాను! ఏడుపు మధ్యలోంచి కిసుక్కున నవ్వొచ్చింది. ఇక ఆగితేనా! పొట్ట పట్టుకుని గడ్డిలో దొర్లాను. నన్ను చూసి వాళ్లూ అందుకున్నారు. డ్రిల్లు సారైతే కట్టుడు పళ్లు ఊడకుండా చేత్తో పట్టుకుని మరీ నవ్వారు. ఎన్నాళ్లయిందో అలా నవ్వి! ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

చిక్కడపల్లి నుంచి వచ్చే ఒక పెద్దమ్మ నా పక్కన చతికిలబడి, కొంగుతో నా మొహం తుడిచి, "తింటున్నవా? పండుకుంటున్నవా? గింత భయం దేనికే?" అంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని నాన్న మాట ఆమెకు చెప్పేశాను. "కాకుంటే ఇంటికే కద పోయేది, జైలుకు కాదు కద! రేపటి సంది నాతోని నడువు. ఆ చెవులల్ల పెట్టుకునేటివి తెస్తే మాత్రం ఊకోను" అంది.

మర్నాటి నుంచి ఆమెతో నడిచాను. ఆమె మోకాళ్ల సంగతి చెప్పేది, నేను నా భయాల సంగతి చెప్పేదాన్ని. ఆకలి తిరిగొచ్చింది, నిద్ర పట్టింది. చదివే గంటలు తగ్గాయి గానీ, చదివింది మాత్రం తలలో నిలిచింది.

పరీక్ష నారాయణగూడలో పడింది. అబద్ధమెందుకు, పేపరు చూడగానే బుర్ర మళ్లీ పలకైపోబోయింది. పెన్ను కింద పెట్టి, ఏ హక్కులూ సూత్రాలూ కలపని ఉత్త గాలి కాసేపు పీల్చాను. తర్వాత వచ్చింది వచ్చినట్టు చివరిదాకా రాశాను. (ఉద్యోగం వచ్చింది లెండి, లిస్టులో చిట్టచివరన.) హాల్లోంచి బయటికి రాగానే నాన్న ఫోను.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"ఆకలైతుంది నాన్నా!"

"అయితే ఫస్టు తిను. ముచ్చట మళ్ల చెప్తువు" అన్నారు.

ఇప్పుడు ఆఫీసులో ఫైళ్లతో తల వాచిపోయినప్పుడు ఆ రోజు పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్ల, అదే ఆనాటి నేను, కళ్లముందుకొస్తుంది. నారాయణగూడ చౌరస్తాలో బండి పక్కన నిలబడి, నోరు కాలుతున్నా ఆగకుండా మిర్చి బజ్జీలు లాగిస్తోంది. ఫలితం ఏమవుతుందో ఇంకా తెలియదు. తెలియదన్న సంగతే గుర్తు లేదు, పిచ్చిదానికి.