ఉప్పు బరువు

మా ఆయన చనిపోయిన ఏడు ఆవకాయ బూజు పట్టింది. "విధవ చెయ్యి తగిలితే ఇంతే" అంది తోటికోడలు. అంతకుముందు కారం, ఆవపిండి, ఉప్పు తలా ఒక సోల కొలిచి కలిపేదాన్ని. ఆ ఏడు ఆవిడే కాటా తెచ్చి, తలా ఒక కిలో తూచి ఇచ్చింది.

నారాయణగూడలో బస్సెక్కి, పక్కన కూర్చున్న ఎవరో ఆవిడతో ఇదంతా చెప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఉప్పు బరువుంటది గదక్కా. కిలో కారం గిన్నె నిండుతది, కిలో ఉప్పు సగానికే వస్తది. ఉప్పు తక్కువై బూజు పట్టింది. నీ చెయ్యి ఏం జేసింది?" అని చిక్కడపల్లిలో దిగిపోయింది.

ఇంటికెళ్ళి తోటికోడలికి చెప్పాను. ఈ ఏడు ఆవిడ మళ్ళీ సోలతోనే కొలిచింది. ఆవకాయ బాగా కుదిరింది. జాడీని మాత్రం నువ్వు ముట్టుకోవద్దు అంది.