అందరి ఫోటోల్లోనూ ఒకటే కుక్క

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే నన్నేదో మనవల్ని ఎత్తుకున్న ముసలావిడ అనుకునేరు. నాకింకా ముప్ఫై దాటలేదు. అయినా నేను కొత్తగా పనిలో చేరినప్పటికీ ఇప్పటికీ ఫోన్లు మారాయి, ఫోటోలు మారాయి, నా నడుమూ మారింది కాబట్టి, ఆ మాట అనే హక్కు నాకూ కొంచెం వచ్చిందనుకుంటాను. ఇంటర్ ఎలాగో గట్టెక్కి, చదువు నన్నూ నేను చదువునీ మర్యాదగా వదిలేసుకున్నాక, అమలాపురంలో ఒక ఫోటో స్టూడియోలో కుదురుకున్నాను. కంప్యూటర్లో జనం మొహాల మీద మచ్చలు తుడవడం, పాత ఫోటోలు స్కాన్ చేసి మరకలు పోగొట్టడం నా పని. (నేను తుడిచిన మచ్చల వల్ల ఎన్ని పెళ్ళిళ్ళు కుదిరాయో, తర్వాత ఎందరు మొగుళ్ళు నన్ను తిట్టుకున్నారో దేవుడికే తెలియాలి.)

పి.గన్నవరం దగ్గర కాలవ గట్టున ఉంది మా పేట. మా తాతల కాలం దాకా అందరూ కూలికి వెళ్ళినవాళ్ళే. తర్వాత బడి పట్టుకుని, ఇప్పుడు ఇంటికొక టీచరో నర్సో బ్యాంకు ఉద్యోగో ఉన్నారు. వాళ్ళందరికీ అక్షరాలు దిద్దించింది హెడ్మాస్టారు తాతగారు. రిటైరై ఎన్నాళ్ళయినా ఆయన ఎదురైతే మా నాన్న ఎగ్గట్టిన లుంగీ దించుకుంటాడు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆయన లేచి నిలబడి, "మనం ఎక్కణ్ణుంచి వచ్చేమో మన పిల్లలకి తెలియట్లేదండి. ఇళ్ళల్లో పాత ఫోటోలుంటాయి కదా, ఆనాటి ఇళ్ళు కనపడేవన్నీ పోగేసి, పెద్దవి చేయించి, చర్చి వార్షికోత్సవానికి హాల్లో గోడకి పెడదాం. కింద ఫలానా వారి ఇల్లు అని రాయిద్దాం," అన్నారు. "ఆయ్, మంచి మాట చెప్పేరండి!" అన్నారంతా. అంటూనే అన్ని మెడలూ ఒక్కసారిగా నావైపు తిరిగాయి.

ఇంటికొచ్చే దారిలో మా మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏవే, మనిల్లు కూడా పెడతారా? నేను కాపరానికొచ్చిన ఇల్లు? తుఫాను ఎత్తుకుపోయిందే దాన్ని. ఒక్కసారి గోడ మీద చూసుకుంటానే." నేను వెనకా ముందూ చూడకుండా, "పెట్టకపోతే నేను ఊరుకుంటానా మామ్మా?" అనేశాను. మాటివ్వడంలో నాది బలే పెద్ద చెయ్యి.

మర్నాటి నుంచి సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. టీచరత్తయ్య కాఫీ ఇచ్చి, జంతికలు పెట్టి, పట్టుగుడ్డలో చుట్టిన ఫోటో తీసింది. "ఇది మా మావగారిల్లు. చూసేవా ఆ స్తంభాలు? రాజమండ్రి నుంచి మేస్త్రిని రప్పించేరంట." మెట్టు మీద పడుకున్న కుక్కని చూపించి, "అది మా టామీ. మావగారు పోయిన రోజున అన్నం ముట్టుకోలేదు పాపం," అని కళ్ళు ఒత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను. పక్క వీధిలో రైల్వే మామయ్య, "మా నాన్న కోటు లేకుండా గుమ్మం దాటేవోడు కాదే. ఆ కుక్క పేరు రాజు. పులి!" అన్నాడు. నేను కళ్ళింతలు చేసుకున్నాను. ఇలా ఇంటింటి గొప్పా వింటూ, ఇంటింటి జంతికలూ నములుతూ, మనవాళ్ళు ఇంతటివాళ్ళా అని పొంగిపోతూ సంచీ నింపుకున్నాను.

స్టూడియోలో బల్ల మీద అన్నీ పరిచాను. మా ఓనరు బాబాయి టీ తాగుతూ వచ్చి తొంగిచూసి, "ఏమ్మా, ఒకే ఫోటో ఇన్ని తెచ్చేవేంటి?" అన్నాడు. అప్పుడు చూశాను. అవే స్తంభాలు. అదే కుర్చీ, ఎడమ పక్క పేము ఊడింది. అదే కోటు, ఒకాయనకి చేతి వేళ్ళు కూడా బయటకి రాలేదు, ఇంకొకాయనకి మోచేతి దగ్గరే ఆగిపోయింది. మెట్టు మీద అదే కుక్క, టామీగానూ రాజుగానూ ఇంకా ఏవేవో పేర్లతోనూ, ఏ ఫోటోలోనూ కళ్ళు తెరవకుండా హాయిగా నిద్రపోతోంది. ఆ స్తంభాలు నేను రోజూ చూసేవే. చర్చి వెనకాల మిషన్ బంగళావి. ఇప్పుడందులో మైకు సెట్టూ, క్రిస్మస్ నక్షత్రమూ పెట్టి తాళం వేస్తారు.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి మామ్మకి చెబితే ఆవిడ నవ్వలేదు. "ఏడాదికోసారి క్రిస్మస్ ముందు ఫోటోగ్రాఫరు సైకిలేసుకుని వచ్చేవోడు. తాటాకిళ్ళ ముందు ఎవరు దిగుతారే? పాస్టరు అయ్యగారు తన బంగళా అరుగు ఇచ్చేవారు, తన కోటు ఇచ్చేవారు. వరసగా నిలబడి, ఒకళ్ళు దిగ్గానే కోటు ఇప్పి ఎనకాలోళ్ళకి ఇచ్చేవోళ్ళు."

"మరి కుక్క?"

"అయ్యగారిదే. కరిచేది. దాన్ని లేపడానికి ఎవడికుంది ధైర్యం?"

"సరే, నీ ఫోటో ఏది?"

మంచం కింద పెట్టెలోంచి ఫ్రేము తీసింది. తీరా చూస్తే అదే అరుగు, అదే కోటులో మా తాతయ్య, పక్కన తల వంచుకుని మామ్మ. నాకు నవ్వాగలేదు. "నువ్వూ ఈ బాపతేనా! దీనికా మనిల్లు మనిల్లు అని నా ప్రాణం తీసేవు?"

"ఇందులో మనిల్లుంది."

"ఎక్కడే? నీకు కళ్ళు కనపడట్లేదా?"

"నీకు కనపడట్లేదు. ఉంది. నేనే పెట్టించేను," అని ఫ్రేము లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఆ పూట నాకు అన్నంలో ఊరగాయ వెయ్యలేదు. (మామ్మ కోపం అంతకంటే పైకి పోదు. కానీ అది చాలు.)

మర్నాడు బతిమాలి, స్కాన్ చెయ్యడానికి ఫ్రేము విప్పాను. లోపల చుట్టూ కత్తిరించి పెట్టిన అట్ట తీసేసరికి ఫోటో ఇంకొంచెం వెడల్పుగా బయటపడింది. చివరి స్తంభానికి అవతల తాటాకు కప్పు. దాని మీదికి పాకిన గుమ్మడిపాదు. గుమ్మంలో నీళ్ళ కుండ. పక్కనే ఇంకో రెండు చూర్ల కొసలు.

మామ్మ వేలితో దాన్ని ముట్టుకుంది. "మధ్యలో నిలబడమన్నాడు ఫోటోగ్రాఫరు. నేను చివరకి జరిగిపోయేను. మీ తాత చెయ్యి కూడా లాగేను. తిట్టేడు. తిడితే తిట్టేడు, మనిల్లు పడద్దూ? మళ్ళీ ఆ ఫ్రేము కట్టినోడు మూసేసేడు. అక్కడుందని నాకు తెలుసు కదా, పోన్లే అని ఊరుకున్నాను."

నేను ముక్కు చీదుకుని బస్సెక్కాను.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఒకే అరుగుని ఇంతమంది ఇల్లు అని గోడకెక్కిస్తే పేట పరువేం కాను? మామ్మ ఇల్లు పెడితే ఆ అరుగు గుట్టు మొత్తం బయటపడుతుంది. పెట్టకపోతే మామ్మకి ఏం చెప్పను? ఫోటోలన్నీ పట్టుకుని హెడ్మాస్టారు తాతగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫోటో కూడా అందులోనే ఉంది మరి. ఒక్కొక్కటీ చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"కోటు నాది కాదమ్మాయ్, ఒప్పుకుంటాను," అన్నారు చివరికి. "కుక్క మాత్రం మాదే."

"ఆయ్," అన్నాను. హెడ్మాస్టారితో వాదించేంత చదువు నాకు లేదు.

మామ్మ ఫోటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయారు. పక్కనున్న చూరు కొస మీద గోటితో మెల్లగా గీసి, "దీన్ని ఎంత పెద్దది చెయ్యగలవు?" అని అడిగారు.

వార్షికోత్సవం నాడు ఫోటోలన్నీ వరసగా గోడకెక్కాయి. కింద పేర్లు రాశాం కానీ, ఇల్లు అన్న మాట ఒక్క మామ్మ ఫోటో కిందే పెట్టాం. తలుపంత చేశాను దాన్ని. జనం మొదటి ఫోటో దగ్గర గర్వంగా నిలబడ్డారు. రెండోదాని దగ్గర నడక తగ్గింది. మూడోదాని దగ్గర మెడలన్నీ వెనక్కి తిరిగి మొదటిదాన్ని మళ్ళీ చూశాయి. టీచరత్తయ్య వియ్యపురాలు పాపం అమాయకురాలు, "వదినగారూ, మీ టామీ వీళ్ళింట్లో కూడా ఉందేంటండీ?" అంది.

టీచరత్తయ్య ఏ మాత్రం తొణకలేదు. "ఆయ్. అందరిళ్ళకీ తిరిగేదండి."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలు హాలంతా విరగబడి నవ్వింది. రైల్వే మామయ్యకి నవ్వి నవ్వి పొలమారింది. ఆ నవ్వులోనే మెల్లగా అందరూ మామ్మ ఫోటో ముందుకి చేరారు. నిన్నటిదాకా స్తంభాలు మావంటే మావన్నవాళ్ళు ఇప్పుడు తాటాకు చూర్ల కోసం కొట్టుకోవడం మొదలెట్టారు. "ఆ పక్కది మాదే!" "మీకు స్తంభాలున్నాయి కదండీ, ఇది మాకొదిలేయండి!" మామ్మ మటుకు ఒక కుర్చీ ఈడ్చుకెళ్ళి, సరిగ్గా తన గుమ్మం పక్కన వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ "రండి, రండి, లోపలికి రండి," అని పిలిచింది.

మామ్మ ఇప్పుడు లేదు. ఆ ఫోటో హాల్లోనే ఉంది. నిన్న ఏదో వెతుకుతూ నా ఫోన్లో ఫోటోలన్నీ చూసుకున్నాను. దిండి రిసార్టు ముందు నేను, ఆడపడుచు కారుకి ఆనుకుని నేను, కడియం నర్సరీలో ఎవరివో పూల మధ్య నేను. ఎంత వెతికినా నేను కాపరానికొచ్చిన మా ఇల్లు ఒక్కదాంట్లోనూ లేదు. అప్పట్లో ఆ కోటు చూసి అంతలా నవ్విన పిల్లని తలుచుకుంటే, ఇప్పుడు నాకు నవ్వొచ్చింది. వెంటనే వీధిలోకి వెళ్ళి, మా ఆయన్ని పిలిచి ఫోన్ ఇచ్చాను. "మధ్యలో నిలబడు," అన్నాడాయన. నేను చివరికి జరిగాను. దండెం మీద బట్టలు, గేటు దగ్గర పంపు, రంగు వెయ్యని గోడ, అన్నీ పడ్డాయి. సరిగ్గా తీసే టైముకి, ఎవరిదో తెలీని వీధికుక్క ఒకటి వచ్చి మా మెట్టు మీద పడుకుంది.

నేను దాన్ని లేపలేదు.